విషం జన్యువు దొరికాక

2011 మే నెలలో ఉత్తర జర్మనీ ఆసుపత్రులు రక్త విరేచనాల రోగులతో నిండిపోయాయి. వందల మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మామూలుగా చిన్నపిల్లలకు వచ్చే ఆ ముప్పు ఈసారి పెద్దవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకే ఎక్కువగా వచ్చింది. 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. 50 మందికి పైగా చనిపోయారు. కారణం ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఒక రకం. ముందు నింద స్పెయిన్ దోసకాయల మీద పడింది, పాపం అక్కడి రైతులు పంట పారబోసుకున్నారు.

హాంబర్గ్ యూనివర్సిటీ ఆసుపత్రి ఇచ్చిన డీఎన్ఏను చైనాలోని బీజీఐ సంస్థ మూడు రోజుల్లో సీక్వెన్స్ చేసి, జూన్ 2న అందరికీ అందుబాటులో పెట్టేసింది. చదివితే అసలు సంగతి బయటపడింది. పేగు గోడకు గుంపులుగా అతుక్కునే రకం ఈ.కోలైలోకి, బ్యాక్టీరియాను పట్టే ఓ వైరస్ షిగా విషం జన్యువును మోసుకొచ్చింది. ఈ విషమున్న ప్రమాదకర రకాల్లో సాధారణంగా కనిపించే ఈఏఈ జన్యువు ఇందులో లేనే లేదు. ఎంచుకున్న జన్యువు కోసమే వెతికే పీసీఆర్ పరీక్ష మనం అడిగినదానికే జవాబిస్తుంది. జీనోమ్ మొత్తం చదివితే అడగాలని తోచనిది కూడా కనిపిస్తుంది. ఈ పని మీద నాకు మక్కువ అందుకే.

మా ల్యాబ్‌లో చేసేదీ ఇదే. రోగి శాంపిల్‌ను పెంచిన మెకాంకీ ప్లేట్ మీద గులాబీ రంగు కాలనీల్లో విడిగా ఉన్న ఒక్కదాన్ని లూప్‌తో ఎత్తి, మళ్లీ పెంచి, డీఎన్ఏ తీస్తాం. సీక్వెన్సింగ్ మెషీన్ ఇచ్చిన తునకలను అతికిస్తే సుమారు 50 లక్షల అక్షరాలు. వాటిని తెలిసిన విషపు జన్యువులతో పోల్చి చూస్తాం. జన్యువు పేరు కనిపించిందని రిపోర్టు రాసేయకూడదు. మధ్యలో ఒక్క అక్షరం పోయినా ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ పనికిరాకుండా పోవచ్చు. అతుకు దగ్గర జన్యువు తెగితే, అది నిజంగానే సగమా, మెషీన్ చదవలేకపోయిందా అని కూర్చుని చూసుకోవాలి.

ఇంత చేసినా జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో అక్షరాల్లో ఉండదు. జర్మనీలో రెస్టారెంట్‌కు వెళ్లి, ఎవరు ఏం తిన్నారో, వంటవాడు అందులో ఏమేం వేశాడో రాసుకుంటే మొలకలే కారణమని తేలింది. ఆ మొలకల గింజలు ఎక్కడివని వెతికితే, ఆధారాలన్నీ ఈజిప్టు నుంచి వచ్చిన ఒక లాట్ మెంతుల వైపే చూపించాయి.

మా దగ్గరికొచ్చే చాలా శాంపిళ్ల చీటీల మీద పేరు, వయసు తప్ప ఇంకేమీ ఉండదు. కొన్నయితే యాంటీబయాటిక్ పడ్డాక వస్తాయి, ప్లేట్ మీద ఏమీ పెరగదు. డాక్టర్లకు నా విన్నపం: రక్త విరేచనాల కేసు వస్తే మందుకు ముందే శాంపిల్ తీయించండి. ఊరు, జబ్బు మొదలైన తేదీ, ఆ వారం తిన్న తిండి చీటీలో రాయించండి.