తూటాలోకి చేరిన పాత గుండు

పన్నెండు బోరు తుపాకి అనే మాట మన పల్లెల్లోనూ వినిపిస్తుంది. ఆ పన్నెండు ఎక్కడిదో మాత్రం చాలామంది పట్టించుకోరు. గొట్టానికి సరిపోయే గుండ్లు పోస్తే పౌను సీసానికి పన్నెండు వస్తాయి, అంతే లెక్క. ఒక్కోటి సుమారు 38 గ్రాములు, అడ్డుకొలత 18.5 మిల్లీమీటర్లు. తుపాకిని గుండుతో కొలిచే రోజులు పోయినా కొలత నిలిచిపోయింది.

1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే కోసుగా ఉండే బుల్లెట్‌ను తెచ్చాడు. ఆ వెనకే ఇత్తడి తూటాలొచ్చాయి. గుండ్రటి గుండుకు కాలం చెల్లినట్టే కనిపించింది. అమెరికాలో మాత్రం అది తూటాలోకే దూరి బతికింది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి సైన్యం నాలుగ్గోడల మధ్య గురి సాధనకు .45-70 రైఫిల్ తూటాల్లో గుండ్రటి గుండ్లు పెట్టేది. 1884లో జాన్ బార్లో మొదలుపెట్టిన ఐడియల్ కంపెనీ అడకత్తెర లాంటి పనిముట్టు తయారుచేసి, వాడేసిన తూటాను మళ్లీ నింపే పనిని మామూలు వేటగాడి చేతికి అందించింది. 1925లో ఆ కంపెనీని లైమన్ అనే మరో కంపెనీ కొనేసింది.

ఇంత మంచి బుల్లెట్లుండగా పాత గుండెందుకు? .30-30 రైఫిల్‌నే చూడండి. అందులో మామూలుగా వాడే బుల్లెట్లలో ఒకటి 170 గ్రెయిన్లు, అంటే 11 గ్రాములు. అదే గొట్టంలో పట్టే గుండ్రటి గుండు మూడు గ్రాములు కూడా ఉండదు. పౌను సీసంతో నూట యాభై దాకా పోసుకోవచ్చు. మందు తక్కువ పడుతుంది, భుజానికి దెబ్బ తగలదు, చప్పుడూ తక్కువే. జింకను పడగొట్టే బుల్లెట్ ఉడతకు తగిలితే కూరకేమీ మిగలదు. గుండుతో ఆ ఇబ్బంది లేదు.

పోత పోయడంలోనే పనితనమంతా తెలుస్తుంది. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కాస్త మైనం వేసి కలిపి, పైకి తేలిన మడ్డి తీసేస్తారు. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి, మరీ వేడెక్కితే పైన మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. అచ్చు నోటి దగ్గర మిగిలిన సీసపు తోకను కోసేస్తే చిన్న చదును మచ్చ ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు ఆ మచ్చను సరిగ్గా ముందుకో వెనక్కో ఉంచుతారు. పక్కకు తిరిగితే బరువు ఒకవైపు మొగ్గి గురి చెదురుతుంది. గుండు చెక్కుకుపోకుండా ఇత్తడి కేసు మూతిని ఒక్కరవ్వ విప్పి, గుండును అందులో నొక్కి, పైన మెత్తటి కొవ్వు రాస్తారు.

గొట్టంలోని మెలి గాడులకు గుండు నడుము మాత్రమే ఆనుతుంది. గట్టిగా తోస్తే గాడి పట్టు తప్పి జారుతుంది. అందుకే దీన్ని నెమ్మదిగానే పంపాలి. గాలిలో వేగమూ త్వరగానే పోతుంది కాబట్టి దూరపు గురికి పనికిరాదు.

తేలిక తూటా కదా అని ఏమరుపాటు పనికిరాదు. పొగ రాని మందు పెద్ద కేసులో అడుగున ఎక్కడో కాస్త ఉంటుంది. పొరపాటున రెండోసారి పోసినా పొంగి బయటికి రాదు. అందుకే గుండు పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూస్తారు. మందు చాలకపోతే మరో ముప్పు: గుండు గొట్టంలోనే చిక్కుకుంటుంది. అది గమనించక ఇంకోటి పేలిస్తే గొట్టమే పగలొచ్చు. మందు కొలతలు అచ్చయిన పట్టికల నుంచే తీసుకోవాలన్న పట్టింపు ఇందుకే. నోటి లెక్కల్ని నమ్మి చేతులు పోగొట్టుకోవడం తెలివైన పనేం కాదు. సీసపు ఆవిరి, ధూళి ఒంటికి విషం కనుక పోత ఆరుబయట పోసి, చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి.

ఇదంతా అమెరికా ముచ్చట. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.