వేడినీటి యంత్రం మీది అంకె

జపాను దేశంలో ఇళ్లకు వేడినీరు అందించే యంత్రాలలో 'ఎకో క్యూటు' అన్నది ఇంటింటా వినిపించే పేరు. ఆ భాషలో వేడినీటి సరఫరాకు 'క్యూతో' అంటారు. ఆ మాటనూ, ముద్దులొలికేది అనే అర్థంగల ఇంగ్లీషు మాటనూ ఒకేసారి స్ఫురింపజేసేటట్లు వ్యాపారులు ఈ పేరును కూర్చారు. టోక్యో విద్యుత్ సంస్థ, అక్కడి విద్యుత్ పరిశ్రమల కేంద్ర పరిశోధన సంస్థ, డెన్సో కంపెనీ కలిసి దీనిని రూపొందించగా, 2001లో కరోనా అనే కంపెనీ మొదట అమ్మకానికి పెట్టినది. 2007 నాటికి పది లక్షల ఇళ్లకు చేరినది. గాలిలోని వేడిని లాగి నీటికి చేర్చే ఉష్ణ పంపు ఇది. ఒక యూనిట్ విద్యుత్తు ఇస్తే మూడు యూనిట్లకు మించిన వేడి ఇస్తుందని దీని ప్రచారం. ఈ మాట అబద్ధం కాదు. అయితే ఆ 'మూడు'ను, కొన్నిచోట్ల 'ఐదు'ను, యంత్రానికి పుట్టుకతో వచ్చిన గుణమన్నట్లు చెప్పే పద్ధతి విమర్శకు నిలవదు. ఇంటికి యంత్రాన్ని ఎంచుకునేవాడు ముందుగా చూసేది ఆ అంకెనే కనుక, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవలసి ఉన్నది.

మొదట ఒక మాట విషయం. ప్రచార పత్రాలలో 'నూటికి నాలుగు వందల దక్షత' అని వ్రాయటం కద్దు. దక్షత నూటికి నూరు దాటదని తరగతిలో చదువుకున్న విద్యార్థి ఇది చూసి తికమక పడతాడు. శక్తి నిత్యత్వ నియమం తప్పిపోయినదా అని ఉపాధ్యాయుణ్ణి అడుగుతాడు. నియమం తప్పలేదు, మాటే తప్పు. ఉష్ణ పంపు వేడిని పుట్టించదు, మోస్తుంది. బస్తాలు మోసే కూలీ తిన్న అన్నంలోనుంచి బస్తాలు పుట్టవు గదా! మోసిన బస్తాలకూ పెట్టిన అన్నానికీ ఉన్న నిష్పత్తిని దక్షత అనరు. ఉష్ణ పంపు విషయంలో ఈ నిష్పత్తికి పాఠ్యగ్రంథాలలో క్రియాశీలతా గుణకం అని వేరే పేరున్నది. ఆ పేరు పలకటానికి కష్టమే అయినా, అపార్థం కలిగించే తేలిక మాటకన్న అదే మేలు.

యంత్రం పనిచేసే తీరు ఇంటిలోని రిఫ్రిజిరేటరును తిరగవేసి చూస్తే తెలుస్తుంది. రిఫ్రిజిరేటరు లోపలి వేడిని వెనుకనున్న గొట్టాల ద్వారా గదిలోకి వదులుతుంది. ఉష్ణ పంపు బయటి గాలిలోని వేడిని నీటిలోకి వదులుతుంది. శీతలకారి అనే ద్రవం తక్కువ పీడనంలో ఆవిరి అవుతూ గాలినుండి గుప్తోష్ణాన్ని గ్రహిస్తుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కగా దాని ఉష్ణోగ్రత గాలికన్న, నీటికన్న పైకి పోతుంది. అప్పుడు వేడి నీటిలోకి ప్రవహించి, శీతలకారి చల్లబడి, సన్నని ద్వారం గుండా వ్యాకోచించి, మరల మొదటి స్థితికి వస్తుంది. విద్యుత్తు ఖర్చయ్యేది ముఖ్యంగా కంప్రెసరును త్రిప్పటానికి. ఉష్ణ యంత్రాన్ని వెనుకకు నడిపి భవనాలను వెచ్చబరచవచ్చునని 1852లోనే విలియం థామ్సన్, అనగా తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైన శాస్త్రజ్ఞుడు, లెక్కకట్టి చూపినాడు.

ఆ లెక్కలోనే అంకె రహస్యం ఉన్నది. వేడిని ఒకే ఉష్ణోగ్రత వద్ద అందించే ఆదర్శ పంపుకు గుణకం ఎంతో తెలియాలంటే, వేడి అందుకునే చోటి ఉష్ణోగ్రతను కెల్విన్ మానంలో తీసుకొని, రెండు చోట్ల ఉష్ణోగ్రతల భేదంతో భాగించాలి. జపాను పరీక్షలలో 'మధ్య ఋతువు' అనే స్థితికి గాలి 16 డిగ్రీలు, వచ్చే నీరు 17 డిగ్రీలు, కాగిన నీరు 65 డిగ్రీలు. 65 డిగ్రీల సెంటిగ్రేడు అంటే 338 కెల్విన్లు. దానిని 49తో భాగిస్తే 6.9 వస్తుంది. అదే పరీక్షలలో చలికాలానికి గాలి 7 డిగ్రీలు, అధిక ఉష్ణోగ్రతకు కాచే నీరు 90 డిగ్రీలు. ఇప్పుడు 363ను 83తో భాగించాలి; వచ్చేది 4.4 మాత్రమే. యంత్రం అదే, గొట్టాలు అవే, కంప్రెసరు అదే. మారినవి గాలి, నీరు. నిజమైన యంత్రాలు ఆదర్శ విలువలో కొంత భాగాన్నే సాధిస్తాయి గాని, అవి తగ్గే దారి ఇదే. గాలి మరీ చల్లబడితే గాలినుండి వేడి తీసే గొట్టాలపై మంచు పేరుకుంటుంది. దానిని కరిగించటానికి యంత్రం తాను తెచ్చిన వేడిలో కొంత తానే తినవలసి వస్తుంది.

జపాను తయారీదారులు మొదటి సంవత్సరాలలో పత్రాలపై పెద్ద అక్షరాలతో అచ్చువేసినది ఈ మధ్య ఋతువు గుణకాన్నే. పోటీ పెరిగినకొద్దీ అది ఐదు దాకా ఎగబ్రాకింది. పరీక్షశాలలో ఒక హాయైన వాతావరణంలో, తొట్టిని లెక్కలోకి తీసుకోకుండా, పంపు ఒక్కదానికి వచ్చిన ఫలితమది. ఇంటిలో నీరు తొట్టిలో గంటల తరబడి నిలవ ఉండి చల్లారుతుంది. స్నానపు తొట్టిలోని నీటిని మరల మరల వెచ్చబెడతారు. ఇవేవీ ఆ ఐదులో లేవు. ఈ లోపాన్ని ఆ దేశపు పరిశ్రమలే గుర్తించి 2007లో సంవత్సరమంతటికీ వర్తించే గుణకాన్ని ప్రమాణంగా పెట్టుకున్నాయి. 2011లో స్నానపు నీటిని వెచ్చగా ఉంచే ఖర్చును కూడా కలిపి జాతీయ ప్రమాణం వచ్చినది. కొత్త పద్ధతిలో అంకెలు మూడు నాలుగుల మధ్యకు దిగివచ్చాయి. యంత్రాలు చెడిపోలేదు, కొలత బాగుపడినది. అంకె చిన్నదవుతుందని తెలిసి కూడా కొలతను సరిదిద్దుకోవటం మెచ్చుకోదగిన పని. ప్రచారకులు ఇప్పటికీ అక్కడక్కడ పాత ఐదును తలచుకోవటం మాత్రం మెచ్చుకోదగినది కాదు.

భారతదేశంలో నీరు నిలవచేసే విద్యుత్ గీజర్లపై అంటించే నక్షత్రాలలో దీనికి సరిగా ఎదురైన లోపం కనిపిస్తుంది. కాగిన నీటిని వాడకుండా ఒక రోజు ఉంచితే ఎంత వేడి బయటికి పోతుందో కొలిచి, దానినిబట్టి ఆ నక్షత్రాలు ఇస్తారు. నీటిని కాచటానికి అయ్యే ఖర్చుకు వాటితో సంబంధం లేదు. ఐదు నక్షత్రాల గీజరైనా ఒక యూనిట్ విద్యుత్తుకు ఒక యూనిట్ వేడికి మించి ఇవ్వలేదు. జపాను పాత అంకె తొట్టిని మరచినది; ఇక్కడి నక్షత్రం తొట్టిని తప్ప మరేదీ చూడదు. రెండింటిలో ఏది చూసి కొన్నా కొనేవానికి సగమే తెలుస్తుంది.

ఎకో క్యూటులో శాస్త్రదృష్టితో అన్నిటికన్న ఆసక్తికరమైనది దాని శీతలకారి. అది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. పాత యంత్రాలలో వాడిన క్లోరిన్ సమ్మేళనాలు ఓజోన్ పొరకు హాని చేస్తాయని తేలి, 1987 మాంట్రియల్ ఒడంబడికతో వాటిని క్రమంగా తొలగించారు. వాటి స్థానంలో వచ్చిన కొన్ని ఫ్లోరిన్ సమ్మేళనాలు కారిపోతే, భూమిని వేడెక్కించటంలో అంతే బరువుగల కార్బన్ డయాక్సైడుకన్న వెయ్యి రెట్లకు మించి పనిచేస్తాయి. కార్బన్ డయాక్సైడుతో ఆ భయం లేదు. అయితే దాని సందిగ్ధ ఉష్ణోగ్రత 31 డిగ్రీలే, సందిగ్ధ పీడనం సుమారు 73 వాతావరణాలు. 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా అది ద్రవం కాదు. కనుక నీటికి వేడినిచ్చే చోట అది ద్రవీభవించదు. సందిగ్ధ పీడనానికి పైన ఉండి, వాయువుగానే క్రమక్రమంగా చల్లబడుతుంది. నార్వే ఆచార్యుడు గుస్తావ్ లోరెన్‌ట్‌జెన్ 1980 దశకం చివర ఈ చక్రాన్ని మరల వెలుగులోకి తెచ్చి, లోపమనిపించిన ఆ గుణాన్నే ప్రయోజనంగా మలచే మార్గం చూపినాడు.

ప్రయోజనం ఎట్లాగంటే, ఒక ప్రక్కనుండి వేడి వాయువు చల్లబడుతూ పోతుంటే, ఎదురుగా చల్లని నీరు వేడెక్కుతూ వస్తుంది. రెండింటి ఉష్ణోగ్రతలు అడుగడుగునా ఒకదానినొకటి వెంబడిస్తాయి. వేడి అంతా 65 డిగ్రీల వద్ద ఇవ్వవలసిన పని లేదు. నీరు 17 నుండి 65కు ఎక్కే దారిలో సగటు ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ సగటుతో లెక్కవేస్తే పైన చెప్పిన 6.9 అనే హద్దు దాదాపు 13కు పెరుగుతుంది. ఇప్పుడు అదే యంత్రానికి 17 డిగ్రీల నీటికి బదులు, అప్పటికే గోరువెచ్చనై 45 డిగ్రీలున్న నీటిని ఇచ్చి 65కు చేర్చమంటే హద్దు 8.4కు పడిపోతుంది. వాస్తవ యంత్రంలో నష్టం ఇంకా ఎక్కువ. ఎందుకంటే వాయువు వేడిగానే బయటికి వచ్చి, వ్యాకోచంలో చాలా శక్తి వృథా అవుతుంది. అందువల్ల ఈ రకానికి కావలసినది అడుగున చల్లని నీరు, పైన వేడినీరు కలియకుండా నిలిచే ఎత్తైన తొట్టి. గొట్టాలలో వేడినీటిని ఎడతెగక త్రిప్పి తెచ్చే ఏర్పాటున్న ఇంటికి ఇది అంతగా పొసగదు. కార్బన్ డయాక్సైడు యంత్రమే అన్నిచోట్లా ఉత్తమమని వ్రాసేవారు ఈ సంగతిని దాటవేస్తారు. కుళాయి నీరే వెచ్చగా వచ్చే ఉష్ణదేశాలలోనూ దానికి గల ప్రత్యేక లాభం కొంత తరుగుతుంది. అట్టి చోట ప్రొపేను వంటి శీతలకారితో నడిచే యంత్రాన్ని కూడా ప్రక్కన పెట్టి పోల్చవలసి ఉన్నది. ప్రొపేను మండే వాయువు గనుక దాని పరిమాణానికీ, అమర్చే చోటికీ నియమాలున్నవి.

ఇక యంత్రం పరిమాణం. జపానులో ఒక కుటుంబానికి 370 లీటర్ల తొట్టి సర్వసాధారణం. మనిషి మునిగేటంత స్నానపు తొట్టిని రోజూ నింపుకునే దేశపు లెక్క అది. బక్కెటు, చెంబుతో స్నానం చేసే తెలుగు కుటుంబానికి ఆ లెక్క వర్తించదు. నలుగురున్న ఇంటిలో ఒక్కొక్కరికి 20 లీటర్లు, 40 డిగ్రీల నీరు కావాలనుకుందాం. కుళాయి నీరు 25 డిగ్రీలు. 80 కిలోల నీటిని 15 డిగ్రీలు పెంచటానికి 80ని 15తోనూ, నీటి విశిష్టోష్ణమైన 4.19తోనూ గుణించగా సుమారు 5,000 కిలోజౌళ్లు, అనగా 1.4 యూనిట్లు. గుణకం 3 ఉన్న పంపుకు అర యూనిట్ లోపే చాలును. మిగిలేది రోజుకు 0.9 యూనిట్. చలికాలం మూడు నెలలు మాత్రమే వేడినీరు వాడే ఇంటికి ఏడాదికి 80 యూనిట్లు మిగులుతాయి. ఈ పొదుపుకోసం గీజరుకన్న ఎన్నో రెట్లు ధరగల యంత్రాన్ని కొని, నిండా వాడని పెద్ద తొట్టిలో నీరు చల్లారబెట్టుకోవటం తెలివైన బేరం కాదు. అదే లెక్కను నూరుమంది విద్యార్థులున్న వసతిగృహానికి వేస్తే గీజర్లకు రోజుకు 35 యూనిట్లు, పంపుకు 12. రోజుకు 23 యూనిట్లు మిగులుతాయి. ఆసుపత్రికి, హోటలుకు, ఏడాది పొడుగునా వేడినీరు వాడే పెద్ద కుటుంబానికి పంపు తగినది. గాలి చాలాకాలం వెచ్చగా ఉండే హైదరాబాదులోనో విజయవాడలోనో దానికి మంచి గుణకం వస్తుంది. చలికి పేరుపడ్డ లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున అంత రాదు. చమత్కారమేమంటే, వేడినీరు ఎక్కువగా కావలసినచోటనే యంత్రానికి గాలి తక్కువ సాయం చేస్తుంది.

తొట్టి ఉష్ణోగ్రతను తగ్గించి గుణకాన్ని పెంచుకోవచ్చునన్న సలహా కూడా వినిపిస్తుంది. భౌతికశాస్త్రం ప్రకారం సరియే. కాని గోరువెచ్చగా నిలిచిన నీటిలో లెజియొనెల్లా అనే, ఊపిరితిత్తుల జబ్బు కలిగించే సూక్ష్మజీవులు వృద్ధి పొందుతాయి. అందుకే నిలవ నీటిని 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచమంటారు. ఇక్కడ భౌతికశాస్త్రం జీవశాస్త్రానికి లొంగవలసినదే.

అమర్చే చోటు సంగతి పత్రాలలో చిన్న అక్షరాలలో ఉంటుంది. పంపు గాలిని చల్లబరచి వదులుతుంది. దానిని ఇరుకైన, తలుపు మూసిన గదిలో పెడితే తాను వదిలిన చల్లగాలినే మరల పీల్చుకొని గుణకాన్ని పోగొట్టుకుంటుంది. బయట పెడితే పొరుగువారి మాట ఉన్నది. రాత్రివేళ నడిచే పంపు నుండి వచ్చే మంద్రధ్వని వల్ల నిద్రపట్టటం లేదని జపానులో ఫిర్యాదులు రాగా, అక్కడి వినియోగదారుల భద్రతా విచారణ సంఘం వాటిని పరిశీలించి 2014 డిసెంబరులో నివేదిక ప్రకటించినది. ఆ ధ్వనికీ బాధితుల లక్షణాలకూ సంబంధం ఉండవచ్చునని అందులో ఉన్నది. పొరుగింటి పడకగది కిటికీకి ఎదురుగా పంపును అమర్చకపోవటం మొదటి జాగ్రత్త.

అసలు ఆ పంపు రాత్రిపూట ఎందుకు నడవాలి? గాలి చల్లగా ఉండేది అప్పుడే. కాచిన నీటిని మరునాటి సాయంత్రం స్నానం దాకా నిలవ ఉంచాలి కూడా. ఉష్ణశాస్త్రం దృష్టిలో రాత్రి అన్నివిధాల చెడ్డ వేళ. దానిని ఎంచుకోవటానికి కారణం విద్యుత్తు లెక్క: అణువిద్యుత్ కేంద్రాలు రాత్రింబవళ్లు ఒకే తీరున నడవగా, రాత్రి మిగిలిన విద్యుత్తును సంస్థలు తక్కువ ధరకు ఇచ్చేవి. 2011లో ఫుకుషిమా ప్రమాదం తరువాత ఆ కేంద్రాలు వరుసగా మూతపడినవి. ఆపై ఇళ్ల కప్పుల మీద సౌరఫలకాలు పెరిగి, మిగులు విద్యుత్తు పగటికి మారినది. 2022 నుండి పగటిపూట నీరు కాచే ఎకో క్యూటులు కూడా వచ్చాయి. అవి మధ్యాహ్నపు వెచ్చని గాలినుండి వేడి తీసుకుంటాయి. నీరు కాగిన కొద్ది గంటలకే వాడకంలోకి వస్తుంది గనుక తొట్టి నష్టమూ తగ్గుతుంది. యంత్రంలో మారినది స్వల్పం. నడిచే గంటలు మారాయి.