పతంగికి కాగితం, నమూనా విమానానికి ఫిల్మ్

నిజామాబాద్, బోధన్‌లలో సంక్రాంతికి ఎగిరే పతంగికి పొడవాటి తోక ఉండదు. ఉన్నదల్లా చదరపు పల్చటి కాగితం, దాని మీద రెండు వెదురు పుల్లలు. ఒకటి మూల నుంచి ఎదుటి మూలకు నిలువుగా, రెండోది విల్లులా వంచిన కమాను. పుల్ల చీల్చడం కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. కాగితం అతికించడం అంత తొందరగా రాదు.

జిగురు మైదాపిండిని ఉడికించి చేసుకుంటారు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయడం పాత అలవాటు. జిగురు చిక్కగా ఉండాలి, పూత మాత్రం పల్చగా పడాలి. తడి తగిలిన చోట కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది; ఎక్కువ పులిమితే పుల్ల పొడవునా ముడతలే. నిలువు పుల్లను ముందు అతికించి, తర్వాత కమానును వంచి రెండు కొసలను పక్క మూలల దగ్గర కాగితపు ముక్కలతో బిగిస్తారు. కొసలకూ పుల్లలు కలిసే చోటుకూ మధ్య కమానుకు జిగురు తగలనివ్వరు. చిరుగు అంచు నుంచే మొదలవుతుంది కాబట్టి మంచి పతంగికి అంచులో నూలు దారం పెట్టి కాగితం మడుస్తారు. ఒక పక్కకు ఒరిగితే తేలికగా ఉన్న కొసకు గుడ్డపీలిక కడతారు.

కమానును వదులుగా ఉంచడంలోనే కిటుకంతా ఉంది. దారం లాగితే గాలి ఒత్తిడికి కమాను వెనక్కి వంగుతుంది, పతంగి ముక్కు చూసిన వైపుకు తిన్నగా దూసుకుపోతుంది. దారం వదిలితే కమాను తిరిగి చాచుకుని పతంగి గిరగిరా తిరుగుతుంది. ఒకరి దారం ఒకరు తెంపుకునే పేచీలో చేతివాటం అనేది ఈ రెంటి మధ్య ఆటే. కాగితం బిర్రుగా పట్టేస్తే కమాను వంగదు, పతంగి మాట వినదు.

నమూనా విమానం రెక్క ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ కప్పు బిగుసుకునే ఉండాలి. ఒకప్పుడు బాల్సా కర్ర చట్రం మీద టిష్యూ కాగితం అతికించి, నీళ్లు చిలకరించి బిగించి, పైన డోప్ అనే లక్క లాంటి ద్రవం పూసేవారు. 1960ల నుంచి వేడికి అంటుకునే పాలిస్టర్ ఫిల్మ్ వాడకం పెరిగింది. అమెరికాలో టాప్ ఫ్లైట్ కంపెనీ తెచ్చిన మోనోకోట్ బాగా పేరుపడింది. తయారీలోనే సాగదీసిన ఫిల్మ్ కావడంతో వేడి తగలగానే ముడుచుకుంటుంది. రెక్క అడుగు భాగం ముందు, పై భాగం తర్వాత కప్పుతారు. అంచులు చిన్న ఇస్త్రీతో అంటించాకే మధ్య భాగానికి వేడి పెడతారు. ఒక పక్కే ఎక్కువ కాల్చితే ముడుచుకునే ఫిల్మ్ రెక్కనే మెలితిప్పేస్తుంది.

మరమ్మతులో మాత్రం కాగితానిదే పైచేయి. జనవరి పొద్దున నిజాంసాగర్ కాలువ కింది పొలాల మీద మంచు కురిసి కాగితం మెత్తబడుతుంది, ఎండ ఎక్కితే దానంతటదే మళ్లీ బిగుస్తుంది. తెగిన పతంగి బోధన్ వైపు చెరకు తోటలో పడితే ఆకుల అంచులకే చిరిగిపోతుంది. అప్పుడు పిల్లలు నాలుగు అన్నం మెతుకులు మెదిపి కాగితపు ముక్క అంటిస్తారు. బజారులోకి వచ్చిన ప్లాస్టిక్ పతంగి మంచుకు తడవదు, కానీ దాని మీద మెతుకు నిలవదు. విమానం ఫిల్మ్ చిరిగితే, అదే రకం ఫిల్మ్ నుంచి చిరుగు కన్నా కాస్త పెద్ద ముక్క కత్తిరించి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయాలి.