తోమకూడని చోటు

ఫిల్టర్ ఎలా కడగాలని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే. ముందు అక్వేరియంలోంచి ఒక బకెట్ నీళ్లు తీసి పక్కన పెట్టుకోండి, డబ్బా విప్పడం ఆ తర్వాత. మిగతా పని బాగా సాగడమా, చెడిపోవడమా అన్నది ఆ బకెట్‌ను బట్టే ఉంటుంది.

నేను చెబుతున్నది క్యానిస్టర్ ఫిల్టర్ సంగతి. అక్వేరియం స్టాండు కింద అరలో ఉండే, మూత బిగించిన డబ్బా. తొట్టెలో నీళ్లు ఒక పైపులోంచి తమ బరువుకు తామే కిందికి దిగి, డబ్బాలో స్పాంజిలు, దూది, సిరామిక్ రింగులు దాటుకుని వస్తాయి. మూతలో ఉండే చిన్న మోటారు వాటిని రెండో పైపులోంచి మళ్లీ తొట్టెలోకి ఎక్కిస్తుంది. 1960ల్లో జర్మనీకి చెందిన ఐహైమ్ కంపెనీ ఈ తరహా ఫిల్టర్లను వాడుకలోకి తెచ్చింది. ఇప్పుడు మన దగ్గర షాపుల్లో ఎక్కువగా కనిపించేది చైనా సరుకు. ఎవరు చేసినా లోపలి ఏర్పాటు దాదాపు ఒకటే.

చేపలు పెంచేవాళ్లలో కూడా చాలామంది దీన్ని మురికి పట్టే డబ్బా అనుకుంటారు. మురికి పట్టడం దాని పనుల్లో చిన్నది. అసలు పని చూడాలంటే లోపలి బుట్టలోంచి ఒక సిరామిక్ రింగును తీసి వేళ్ల మధ్య పట్టుకోవాలి. వేలి కణుపంత కూడా ఉండదు. కొన్నరోజు తెల్లగా, గరుకుగా ఉన్నది ఇప్పుడు గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. బొటనవేలితో రాస్తే పల్చటి జిగురు తగులుతుంది. చేపలు బతికుండడానికి ఆధారం ఆ జిగురే. చేపలు మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతాయి, మిగిలిపోయిన మేత కుళ్లి ఇంకొంత తోడవుతుంది. జిగురులో కాపురముండే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది వారం వారం నీళ్లు మారుస్తుంటే అదుపులో ఉంటుంది.

ఈ సూక్ష్మజీవుల సంగతి 1890 ప్రాంతంలోనే సెర్గీ వినోగ్రాద్‌స్కీ అనే శాస్త్రవేత్త తేల్చాడు. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని అక్వేరియం పుస్తకాలు చాలాకాలం రాసుకొచ్చాయి. 1998లో అక్వేరియం ఫిల్టర్లనే పరీక్షించి చూస్తే అందులో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. 2015లో ఇంకో విశేషం బయటపడింది. అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పనిని ఒక్కతే చేసుకుపోయే నైట్రోస్పైరా కూడా ఉందట. ఆ ఏడాది దాన్ని కనుక్కున్న రెండు బృందాల్లో ఒకదానికి అది దొరికింది చేపల పెంపకం నీళ్లు శుద్ధిచేసే ఫిల్టర్ బురదలో. అది చదివినప్పటి నుంచి ఈ డబ్బా మూత తీసేటప్పుడు నా చేతికి కొంచెం మర్యాద వచ్చింది.

ఇక ఆ బకెట్ సంగతికి వస్తాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. మనం తాగే నీళ్లలో సూక్ష్మజీవులు బతకకూడదనే కలుపుతారు. ఆ ధార కింద రింగులు పెడితే అది తన పని తాను చేస్తుంది. అందుకే స్పాంజి పిండినా, రింగులు జాడించినా తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే. ముతక స్పాంజిని గట్టిగానే పిండవచ్చు. మురికి దిగడం తగ్గితే ఆపేయాలి, నీళ్లు తేటపడేదాకా పిండే పని లేదు. రింగులను బుట్టతో సహా నీళ్లలో ముంచి రెండుసార్లు ఆడించి తీస్తే చాలు. పైన ఉండే తెల్లదూది మాత్రం పారేసి కొత్తది పెట్టవచ్చు. స్పాంజిలను బాగా పిండిన రోజు రింగుల జోలికి పోకపోవడం ఇంకా మంచిది. గిన్నె తళతళలాడితే తప్ప కడిగినట్టు లెక్కేసుకోని ఇళ్లలో పెరిగిన చేతులు మనవి. ఇక్కడ ఆ అలవాటును ఆపుకోవడమే కష్టమైన పని.

కానీ అదే డబ్బాలో ఏ మొహమాటమూ లేకుండా తోమాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. మోటారు గదిలో ఇంపెల్లర్ ఉంటుంది. ఒక అయస్కాంతం, దాని కొసన చిన్న రెక్కలు. బయటికి లాగితే ఒళ్లంతా బంక పట్టి ఉంటుంది. ఆ గుంతలోకి సన్నబ్రష్ దింపి గోడలు తోమాలి. ఇంపెల్లర్ తిరిగే సిరామిక్ కడ్డీ మాత్రం అగ్గిపుల్లలా విరుగుతుంది, పక్కకు వంచకుండా నిటారుగా లాగాలి. తర్వాత మూత చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్. దాని గాడిలో ఒక్క ఇసుకరేణువు ఉన్నా రాత్రికి రాత్రి స్టాండు తడిసిపోతుంది. గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. వ్యాజిలైన్ లాంటివి కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి కాబట్టి వద్దు. బిగించాక డబ్బా కింద న్యూస్‌పేపర్ పరిస్తే చిన్న లీకు కూడా వెంటనే తెలిసిపోతుంది.

భీమవరం దగ్గర చెరువులు చేసే మా బావ ఒకసారి నేను ఈ పనిలో ఉండగా వచ్చాడు. బకెట్‌లోకి వంగి చూసి, “నల్లగా లేదు బావా, పర్లేదు” అన్నాడు. తర్వాత వాసన చూశాడు. తడిమట్టి వాసన. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడలేదని అర్థం. చెరువు అడుగైనా, నా డబ్బా అడుగైనా అదే గుర్తు. అమ్మోనియా అంటే ఏమిటో ఆక్వా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం పూట పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుందని ఆయనకు అనుభవమే. పీహెచ్ 7 నుంచి 8కి పోతే విషరూపంలో ఉండే వాటా దాదాపు 10 రెట్లవుతుంది. ఆయన నన్ను అడిగింది ఒకటే. “మాకు ఏరేటర్లున్నాయి. మూత బిగించిన డబ్బాలో ఇవి గాలెక్కడ పీల్చుకుంటాయి?”

అడగాల్సిన ప్రశ్న అదే. నీళ్లతో పాటు వచ్చే ఆక్సిజన్ తప్ప వాటికి వేరే దిక్కు లేదు. గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్ చేయడానికి నాలుగున్నర గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు దిగుతుంది. మన వేసవిలో తొట్టె నీళ్లు 30 దాటడం మామూలే. అలాంటి మధ్యాహ్నం కరెంటు పోయిందంటే డబ్బాలో నీళ్లు కదలవు. ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది. గంటలు గడిచేకొద్దీ లోపల బాక్టీరియా చస్తుంది, మురికి కుళ్లుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కరెంటు తిరిగొచ్చినప్పుడు. ఆ కుళ్లునీళ్లన్నీ ఒక్కసారిగా చేపల మీదికి వస్తాయి. ఫ్యాను, లైటు కోసం ఇన్వర్టర్ పెట్టుకున్న ఇంట్లో ఈ మోటారుకు కూడా ఒక లైను ఇవ్వండి, అది లాగే కరెంటు ఒక చిన్న బల్బంత. ఇవ్వడం కుదరకపోతే కరెంటు పోగానే ప్లగ్గు పీకేయండి. కొన్ని గంటలపాటు రాకపోతే డబ్బా విప్పి, పాత నీళ్లు పారబోసి, తొట్టె నీళ్లతో జాడించాకే మళ్లీ ఆన్ చేయాలి.

నెలకోసారి రింగులన్నీ మార్చేయమని సలహా ఇచ్చే షాపులు ఉన్నాయి. నాకు అది మింగుడుపడదు. కొత్త రింగుల మీద బాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో చచ్చేది చేపలు. పగిలి పొడి అవుతుంటే తప్ప వాటిని మార్చక్కర్లేదు. మార్చాల్సి వచ్చినా సగం సగంగా, నెలలు ఎడంపెట్టి మార్చాలి. ఎన్నాళ్లకోసారి కడగాలన్నది కూడా క్యాలెండర్ చూసి తేల్చేది కాదు. తొట్టెలో పడే ధార బలం తగ్గితే కడగాలి. గోల్డ్‌ఫిష్ లాంటి తిండిపోతులున్న తొట్టెకు నెల తిరక్కముందే ఆ అవసరం రావచ్చు, నాలుగు చిన్న టెట్రాలకు మూడు నెలలైనా రాకపోవచ్చు.

కడిగాక డబ్బా నిండా నీళ్లు పోసి బిగించి, పైపులకుండే రెండు ట్యాపులూ తెరిచి, ఇరుక్కున్న గాలి పోయేదాకా డబ్బాను అటూఇటూ వంచాలి. గరగర చప్పుడు ఆగి సన్నటి హోరు మిగిలితే గాలి పోయినట్టే. రెండు రోజులపాటు మేత సగానికి తగ్గించి, అమ్మోనియా చుక్కలతో పరీక్ష చేసుకోవాలి. ట్యూబులో రంగు పసుపుగానే ఉంటే మామూలు మేత వేయవచ్చు. ఆకుపచ్చకు తిరిగితే మేత ఆపి, క్లోరిన్ విరిచిన నీళ్లతో మూడోవంతు నీళ్లు మార్చాలి. డబ్బాను మాత్రం మళ్లీ విప్పకూడదు.