కెమెరా ఎవరి ఎత్తున?

పర్యావరణం కోసం పాటుపడిన ఒక వ్యక్తిపై డాక్యుమెంటరీ తీసేవారికి మొదటే ఒక చిక్కు ఎదురవుతుంది. సినిమాకు నాయకుడు కావాలి. నేల, నీరు, అడవి నిలిచేది మాత్రం పేరు తెలియని అనేకులు ఏళ్ల తరబడి చేసే పని వల్ల. ఆ పనిని వదిలి మనిషినే చూపితే ప్రేక్షకుడికి చివరకు మిగిలేది ఆరాధన.

డేవిస్ గుగెన్‌హైమ్ తీసిన ‘యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’ (2006) ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అల్ గోర్ ఉపన్యాసమే ఆ చిత్రానికి ఆధారం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుదలను చూపే గీత తెరపై ఎగబాకుతుంటే, దాని కొసను అందుకోవడానికి ఆయన లిఫ్టు ఎక్కుతాడు. ఒక అంకెను కళ్లకు కట్టిన ఆ దృశ్యం శక్తిని కాదనలేం. కానీ అందులో తెలిసినవాడు పైన, తెలుసుకోవలసినవారు కింద. నడుమ వచ్చే ఆయన కుటుంబ విషాదాలు, 2000 ఎన్నికల ఓటమి వాతావరణ సమస్యను ఒక వ్యక్తి జీవితకథగా మలుస్తాయి.

లీసా మెర్టన్, ఆలన్ డేటర్‌ల ‘టేకింగ్ రూట్’ (2008) కెన్యాకు చెందిన వంగారీ మాతాయ్ గురించినది. 1977లో ఆమె ప్రారంభించిన గ్రీన్ బెల్ట్ ఉద్యమానికి పల్లె స్త్రీల వంటచెరకు, నీటి కష్టాలే మూలం. 2004లో నోబెల్ శాంతి బహుమతి పొందిన మనిషిని ఆకాశానికెత్తడం సులభం. ఈ చిత్రం కొంత నిగ్రహం చూపి, మొక్కలు పెంచిన స్త్రీలకూ మాట్లాడే చోటిచ్చింది. అయితే ఉద్యమం ఆ స్త్రీలకు చిన్నమొత్తం చెల్లించింది నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు. నాటడాన్ని ఒక్క షాట్‌లో చూపవచ్చు. బతకడాన్ని చూపాలంటే కెమెరా మళ్లీ మళ్లీ అక్కడికే రావాలి. ఉహురు పార్కు, కరూరా అడవి కోసం నైరోబీలో జరిగిన పోరాటాల ఉద్విగ్నత ముందు ఆ నిదానం వెనకబడింది.

అలా తిరిగి తిరిగి వెళ్లిన కెమెరా ఒకటి తెలంగాణలో ఉంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళా రైతులు వీడియో తీయడం నేర్చుకున్నారు. 2002–03 పంటకాలంలో వరంగల్ ప్రాంతపు బీటీ పత్తి రైతుల అనుభవాన్ని వెంట ఉండి చిత్రీకరించారు. పైనుంచి కిందికి చూసే కోణానికి ‘పటేల్ షాట్’ అనీ, ఎదుటి మనిషి కళ్లకు సమంగా చూసేదానికి ‘సంఘం షాట్’ అనీ పేర్లు పెట్టుకున్నారు. దొర ముందు నిలబడిన అనుభవమూ, సంఘంలో సాటివారితో కూర్చున్న అనుభవమూ ఆ రెండు మాటల్లో ఉన్నాయి. చూపే కోణం చూపేవాడి హోదాను పట్టిస్తుందని వారికి ఎవరూ బోధించనక్కరలేదు.

గోర్ లిఫ్టు దృశ్యంలో ప్రేక్షకుడు తల పైకెత్తి చూడవలసిందే. మాతాయ్ చిత్రం సంఘం షాట్‌కు దగ్గరగా వస్తుంది గాని కథకు ఇరుసు ఆమే. ఇకపై ఇలాంటి చిత్రాలను తూచడానికి ఒక ప్రశ్న చాలు: ఆ ప్రముఖ వ్యక్తి తెరపై లేని నిమిషాల్లో కూడా పని సాగుతున్నట్టు కనిపిస్తోందా?