బాసింపట్టుకు ఒదిగే పాదం

జైపూర్ కృత్రిమ పాదం చూడగానే కంటికి ఆనేవి వేళ్లు. ఐదూ తీర్చినట్టుంటాయి, రంగు మన ఒంటి చామనఛాయే. పైన బూటు తొడగాల్సిన పనిలేదు. అసలు పనితనం మాత్రం లోపలుంది.

పడమటి దేశాల 'సాచ్' పాదంలో మడమ పైనుంచి మునివేళ్ల మొదలు దాకా గట్టి చెక్క ఒకటి సాగుతుంది. అది బూటులో నడిచేవాళ్ల పాదం. దాంతో గొంతుక్కూర్చోబోతే చెక్క వంగదు, మడమ నేలకు ఆనదు. 1968లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, చేతిపని నేర్పే రామచంద్ర శర్మ కలిసి ఆ చెక్కను చీలమండ దగ్గరే ఆపేశారు. మడమకో స్పాంజి రబ్బరు దిమ్మ, ముందుపాదానికి మరొకటి. అన్నిటికీ కలిపి ముడి రబ్బరు, టైర్లలో వాడే రేయాన్ దారం చుట్టి, అల్యూమినియం అచ్చులో ఉడికిస్తారు. టైర్లకు రీట్రేడింగ్ చేసే కొట్టు విద్యే ఇది! దిమ్మల నడుమ సందుల్లోనే పాదం ఏ పక్కకైనా ఒదుగుతుంది. బాసింపట్టు వేయొచ్చు, వరి మడిలో ఒట్టికాళ్లతో దిగొచ్చు. కాలి పైభాగానికి పొలాల్లో నీళ్లు పారించే హెచ్‌డీపీఈ పైపే ఆధారం: వేడిచేసి, మోడుకాలి అచ్చు మీదికి లాగుతారు.

1981లో మెగసెసె పురస్కారం డాక్టరుగారికొచ్చింది. ఆ పక్కన శర్మగారి పేరు కూడా ఉంటే నాకు ఇంకా బాగుండేది. తెలుగువాళ్లకు ఈ కాలు 1985లో 'మయూరి' సినిమాతో పరిచయమైంది. కాలు పోయినా ఈ కాలితో నాట్యం చేసిన సుధాచంద్రన్ అందులో తన కథలో తనే ఆడింది.

ఖర్చు తక్కువ కాబట్టే ఈ కాలు ఉచితంగా ఇవ్వగలుగుతున్నారు. జైపూర్‌లో 1975లో పుట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి పని అదే. కేంద్ర ప్రభుత్వానికీ ఇలాంటి పరికరాలిచ్చే 'అడిప్' పథకం 1981 నుంచి ఉంది. నెలనెలా వచ్చే పింఛను వేరు, ఇది వేరు. ఇక్కడ చేతికొచ్చేది డబ్బు కాదు, కాలో, మూడు చక్రాల బండో, చెవి మిషనో. వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి, దానికి సర్టిఫికెట్ చూపాలి. ఆదాయం తక్కువైతే పూర్తి ఉచితం, కాస్త పైబడితే సగం ధర. 39 శాతం వచ్చినవాడి గతేమిటంటే, ఆ గీతకు మాత్రం ఈ పాదానికున్న ఒదుగు లేదు.

కానీ అడిప్‌లో ఒక నియమం నాకు శర్మగారి చేతిపనిలా తోస్తుంది. ఒకసారి పరికరం తీసుకున్నవాళ్లు అదే అవసరానికి మళ్లీ అడగాలంటే మూడేళ్లు ఆగాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకైతే ఏడాది చాలు. అది రాసినవారెవరో, ఏటేటా పొట్టిదైపోయే పిల్లవాడి లాగును చూసే ఉంటారు.