పడవ లేనివాళ్ల సాల్మన్ వేట

అక్టోబరు చివరికి మిషిగన్ సరస్సులో పడవ వేట దాదాపు సద్దుమణుగుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలోని మెకిన్లీ మెరీనా గట్టు మీద మాత్రం అప్పుడే గాలాల వాళ్లు బారులు తీరతారు. వేసవంతా నడిసరస్సులో లోతున తిరిగిన చినూక్ సాల్మన్ ఇప్పుడు రేవులోకి, గట్టు మీంచి గాలం విసిరితే అందే దూరంలోకి వస్తుంది. పడవ కొనే స్తోమత లేనివాళ్లకు ఇదే అదను. ఈ వేటలో నాకు నచ్చే గుణం కూడా అదే.

చినూక్ పసిఫిక్ చేప. సముద్రం నుంచి చొరబడిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప ఇక్కడ విపరీతంగా పెరిగిపోయింది. దాన్ని మేయడానికని మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖ అధికారి హోవర్డ్ టానర్ పూనుకుని 1966లో కోహో అనే మరో రకం సాల్మన్, మరుసటి ఏడు చినూక్ పిల్లల్ని వదిలించారు. పిల్లగా ఉన్నప్పుడు వదిలిన నీటి వాసన ఈ చేపకు జీవితాంతం గుర్తుంటుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హాస్లర్ బృందం కోహో పిల్లలకు ఒక రసాయనం వాసన అలవాటు చేసి సరస్సులో వదిలింది. అవి పెద్దయ్యాక, ఆ రసాయనం కలిపిన వాగునే వెతుక్కుంటూ వచ్చాయి. సరైన ఏరు లేని రేవుకు కూడా చినూక్ తిరిగి రావడం వెనక ఉన్నది ఈ జ్ఞాపకమే.

రేవు చేరేసరికి చినూక్ మేత మానేస్తుంది. అందుకని ఆకలి చూపించి కాదు, విసిగించి పట్టాలి. చీకటి పడ్డాక, చీకట్లో వెలిగే పూత ఉన్న స్పూన్‌ని (చెంచా ఆకారపు లోహపు ఎర) టార్చి కింద పెట్టి, కాంతి పట్టించి విసురుతారు. నీరు చల్లబడే కొద్దీ రీల్ నెమ్మదిగా తిప్పాలి. పగటిపూట చినూక్ గుడ్ల ముద్దే మేలు. బోరాక్స్ పట్టించి గట్టిపరిచిన ముక్కను బెండు కింద వేలాడదీస్తారు. మేత మానిన చేప కూడా దాన్ని నోట కరుస్తుంది.

నవంబరులో అసలు పరీక్ష మంచుతో. తడిసి వచ్చే దారం నుంచి చుక్కలు రాడ్ రింగుల్లో గడ్డకడతాయి. రింగు మూసుకుపోయింది చూసుకోకుండా బలంగా విసిరితే దారం తెగి స్పూన్ నీళ్లపాలు. గోటితో పెళ్లగించబోతే లోపలి పింగాణీ చుట్టు పగలొచ్చు. అనుభవం ఉన్నవాళ్లు రాడ్ కొనను కాసేపు సరస్సులో ముంచుతారు. గాలికన్నా నీరే వెచ్చన, మంచు దానంతటదే కరుగుతుంది.

రుచి కోసం వచ్చేవాళ్లకు నిరాశే. గోదావరికి ఎదురీదే పులసకు ఏటినీటితో రుచి పెరుగుతుందంటారు, ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది. ఆలస్యంగా దొరికే చినూక్ ఒళ్లు నల్లబడి, మాంసం పాలిపోయి ఉంటుంది. గుడ్లు పెట్టాక ఎలాగూ చచ్చిపోయే చేప అది. అంతమాత్రాన దాన్ని ఎలాగైనా లాగెయ్యొచ్చనుకోవడం తప్పు. గాలాన్ని ఒంటికి గుచ్చి ఈడ్చడాన్ని నేను వేట అనను. విస్కాన్సిన్ చట్టం కూడా నోటికి తప్ప ఇంకెక్కడ గాలం గుచ్చుకున్నా చేపను వదిలేయమంటుంది.

షికాగో, మిల్వాకీ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు ఒక్క సాయంత్రమైనా ఆ గట్టుకు వెళ్లిరండి. మిల్వాకీలో అయితే విస్కాన్సిన్ లైసెన్సుతోపాటు గ్రేట్ లేక్స్ సాల్మన్ స్టాంపు కూడా కొనుక్కోండి. ఒంటరిగా మాత్రం వద్దు. మంచు పట్టిన కాంక్రీటు మీద కాలు జారి ఆ నీళ్లలో పడితే, పైకి లాగడానికి పక్కన ఒక మనిషి ఉండి తీరాలి.